ఆసుపత్రి గేటు పక్కన టిఫిన్ బండి: వారంలో తీసెయ్యమంటే?

ప్రశ్న: మాది ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం. ప్రభుత్వాసుపత్రి గేటు పక్కన, రోడ్డు వారన ఆరేళ్ళుగా టిఫిన్ బండి పెట్టుకుని బతుకుతున్నాను. పొద్దున ఇడ్లీ, పూరీ. సాయంత్రం బజ్జీలు, పునుగులు. మా ఆయన ఆటో తోలుతారు. రోజూ ఆశీలు కాంట్రాక్టరు మనిషికి డబ్బు కట్టి చీటీ తీసుకుంటున్నాను. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ళు సర్వేకి వచ్చి నాకూ బండికీ ఫోటో తీసుకున్నారు, కార్డు మాత్రం ఇవ్వలేదు. పీఎం స్వనిధి లోను పదివేలు ఇప్పిస్తే తీర్చేశాను. ఇప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇది నో వెండింగ్ జోన్ (వీధి వ్యాపారం చెయ్యకూడని చోటు) అయింది, వారంలో తీసెయ్యాలి, కావాలంటే బైపాస్ దగ్గర స్థలం ఇస్తాం అన్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ముప్పైవేలిస్తే ఇక్కడే పర్మిట్ ఇప్పిస్తానని ఒకాయన, తన కార్డు నెలకింత అని అద్దెకిస్తానని ఇంకొకాయన తిరుగుతున్నారు. ఉన్నచోటే పర్మిట్ అడిగే హక్కు నాకుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ఒకటుంది. ‘ఫోటో తీసుకున్నారు, కార్డు మాత్రం ఇవ్వలేదు.’ మీ కేసంతా ఆ మాట మీదే నిలబడుతుంది.

వీధి వ్యాపారుల కోసం పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3 ప్రకారం పట్టణంలో ఉన్న వీధి వ్యాపారులందరినీ కనీసం అయిదేళ్ళకోసారి సర్వే చేసి లెక్కలోకి తీసుకోవాలి. సర్వే పూర్తయి, అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు (వీధిలో అమ్ముకోవడానికి అనుమతి పత్రాలు) ఇచ్చేదాకా ఎవరినీ ఉన్నచోటి నుంచి ఖాళీ చేయించకూడదనీ, వేరేచోటికి మార్చకూడదనీ అదే సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో ఉంది. మీకు సర్వే జరిగింది, సర్టిఫికెట్ రాలేదు. అంటే పని మధ్యలో ఆగింది మున్సిపాలిటీ వైపు. ఆ ఆలస్యాన్ని మీ తప్పుగా చూపించి బండి తీసెయ్యమనడం చెల్లదు.

దీనితోపాటు చేదుగా ఉన్నా ఇంకో నిజం చెప్పాలి. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణ కింద హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. అయితే ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదని కూడా అదే తీర్పులో ఉంది. 2014 చట్టం సెక్షన్ 29 కూడా, సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఆ స్థలం మీద శాశ్వత హక్కు రాదంటుంది. కాబట్టి ‘ఇది నా స్థలం’ అని ఆఫీసులో వాదించకండి. మొదటి నిమిషంలోనే ఓడిపోతారు. ‘నన్ను సర్వేలో రాసుకున్నారు, నా సర్టిఫికెట్ ఇవ్వండి, ఇక్కడే ఇవ్వడానికి కారణాలివి’ అని అడగండి. ఆ మాటకు వాళ్ళు జవాబు చెప్పి తీరాలి.

ఇక నో వెండింగ్ జోన్ సంగతి. అది ఇన్‌స్పెక్టర్ నోటిమాటతో ఏర్పడేది కాదు. టౌన్ వెండింగ్ కమిటీ సిఫారసు మీద మున్సిపాలిటీ ప్రణాళిక తయారుచేసి ప్రభుత్వ ఆమోదం తీసుకోవాలి. చట్టానికి చివర ఉన్న మొదటి షెడ్యూలు ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. సర్వే, ప్రణాళిక పూర్తికాకుండా ఏ చోటునీ నో వెండింగ్ జోన్ అనకూడదు. సర్వేలో సహజ మార్కెట్‌గా గుర్తించిన చోటును అలా ప్రకటించకూడదు. రద్దీ ఎక్కువైందన్నది దానికి కారణం కాకూడదు. చెత్త పేరుతో ప్రకటించాలన్నా, ఆ చెత్త కేవలం బండ్లవాళ్ళ వల్లే వస్తోందనీ, మున్సిపాలిటీ శుభ్రం చేయించినా తీరదనీ తేలాలి.

సహజ మార్కెట్ అంటే జనం తమంతట తాము కొనడానికి చేరేచోటు. ప్రభుత్వాసుపత్రి గేటు కంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు. పల్లెల నుంచి మొదటి బస్సుకి రోగిని తీసుకొచ్చినవాళ్ళు, రాత్రంతా వార్డు బయట చాపమీద కూర్చున్నవాళ్ళు తినేది మీలాంటి బండి దగ్గరే. ఈ మాట మీ అర్జీలో ఉండాలి. అమ్మేవాళ్ళ అవసరం ఒక్కటే కాదు, కొనేవాళ్ళ అవసరం కూడా కమిటీ చూడాల్సిందే.

ఆ కమిటీ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ బేరం అక్కడే. టౌన్ వెండింగ్ కమిటీకి అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్. సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. పోలీసు, ట్రాఫిక్ వాళ్ళు కూడా సభ్యులే. మీ ఊళ్ళో ఆ 40 శాతం ఎవరో రేపే మెప్మా ఆఫీసులో కనుక్కోండి. కూరగాయల బజారులో అమ్మే ఆవిడో, బస్టాండు ముందు పండ్ల బండాయనో అయివుంటారు. వాళ్ళను కలవకుండా కమిషనర్ గదికి వెళ్ళకండి. ఆసుపత్రి దగ్గరున్న మిగతా బండ్లవాళ్ళతో కలిసి వెళ్ళండి. ఒక్కరు వెళ్తే విన్నపం అవుతుంది, ఏడెనిమిది మంది సంతకాలతో వెళ్తే అది కమిటీ ఎజెండాలోకి వెళ్తుంది.

‘ఖాళీ లేదు’ అంటే లెక్క అడగండి. జోన్‌లో గానీ పట్టణంలో గానీ జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు కల్పించాలని చట్టం. లక్ష జనాభా ఉన్న పట్టణంలో అది 2,500 మంది. మీ మున్సిపాలిటీ ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చిందో సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. సర్వే జాబితాలో మీ పేరున్న పేజీ, కమిటీ సమావేశాల తీర్మానాలు కూడా అందులోనే అడగండి. నిజంగానే ఆ జోన్‌లో పట్టనంత మంది ఉంటే సెక్షన్ 4 దారి చూపింది: లాటరీ తీసి, మిగిలినవాళ్ళకు పక్క జోన్‌లో చోటివ్వాలి. పక్క జోన్ అంటే పక్క జోనే. ఊరవతల బైపాస్ కాదు.

బేరానికి వెళ్ళేటప్పుడు మీరు ఏం వదులుకోగలరో ఇంట్లోనే తేల్చుకోండి. ఆసుపత్రివాళ్ళకు ఉండే న్యాయమైన భయం అంబులెన్స్ దారి. దానికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. టేపుతో రోడ్డు వెడల్పు, గేటు నుంచి బండికి దూరం, బండి పొడవు వెడల్పులు కొలిచి తెల్లకాగితం మీద బొమ్మ గీయండి. ఇంకో ఇరవై అడుగులు జరుగుతానని మీరే రాయండి. బెంచీలు వెయ్యనని, ఎంగిలి ప్లేట్లకు డ్రమ్ము పెడతానని, కడుగునీళ్ళు రోడ్డు మీద పొయ్యనని రాయండి. వేళలు కూడా మీరే చెప్పండి: పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8. ఒకే చోటును వేళలవారీగా పంచుకునే పద్ధతిని ఈ చట్టమే ఒప్పుకుంటుంది. రాత్రికి బండి ఇంటికి తోలుకుపోతానన్న మాటకు కమిటీలో చాలా విలువుంటుంది. ఆసుపత్రి సూపరింటెండెంట్ నుంచి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం దొరికితే మంచిదే. చట్టం ప్రకారం అది తప్పనిసరి కాదు, లేదని అర్జీ ఆపడానికి వీల్లేదు.

వదులుకోకూడనివి రెండు. ‘మొబైల్ సర్టిఫికెట్ అయితే వెంటనే ఇచ్చేస్తాం’ అంటారు. తీసుకుంటే ఆనందంగానే ఉంటుంది గానీ, అది తిరుగుతూ అమ్మేవాళ్ళది. రేపు ఒకచోట నిలబడితే మీ సర్టిఫికెట్ నిబంధనను మీరే దాటినట్టు. ఆరేళ్ళుగా ఒకేచోట అమ్ముతున్నారు కాబట్టి స్థిర వ్యాపారిగానే రాయమనండి. రెండోది, ‘స్వచ్ఛందంగా ఖాళీ చేస్తున్నాను’ అన్న ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యకండి. ఒక పట్టణంలో పదకొండు బండ్లవాళ్ళు అలా సంతకాలు పెట్టి వచ్చాక నా దగ్గరకొచ్చారు. వాళ్ళకు ఉన్న రక్షణ అంతా ఆ ఒక్క కాగితంతో పోయింది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అర్జీ మీ పేరు మీదే పెట్టండి, మీ ఆయన పేరు మీద వద్దు. ఇంకో జీవనాధారం లేదని అర్జీదారు హామీ రాసివ్వాలి (సెక్షన్ 5). ఆయనకు ఆటో ఉంది కాబట్టి చిక్కొస్తుంది. కుటుంబ సభ్యులు బండి దగ్గర నిలబడి అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది గనుక ఆయన సాయపడటానికి అడ్డేమీ లేదు. ఆడవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని సెక్షన్ 7లో ఉంది.

నమూనా ఇదీ, మీకు తగ్గట్టు మార్చుకోండి:

‘మున్సిపల్ కమిషనర్, టౌన్ వెండింగ్ కమిటీ అధ్యక్షుల వారికి. నేను ఫలానా తేదీ నుంచి ప్రభుత్వాసుపత్రి గేటుకు ఇన్ని అడుగుల దూరంలో టిఫిన్ బండి నడుపుతున్నాను. మెప్మా సర్వేలో నన్ను గుర్తించారు. సర్టిఫికెట్ ఇంతవరకు అందలేదు. 2014 చట్టం సెక్షన్ 4, 6 ప్రకారం స్థిర వ్యాపారిగా సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇప్పించగలరు. అవి ఇచ్చేదాకా సెక్షన్ 3 ప్రకారం నన్ను కదిలించవద్దని కోరుతున్నాను. ఈ చోటు నో వెండింగ్ జోన్ అని ప్రకటించిన ఉత్తర్వు ఉంటే దాని నకలు ఇప్పించగలరు. నేను పాటించబోయే వేళలు, శుభ్రత జాగ్రత్తలు, స్థలం కొలతలు జతపరిచాను.’

దీన్ని మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే టపా సెక్షన్‌లో ఇచ్చి మీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇంకో నకలు ఇవ్వండి. ఆశీలు చీటీలు జతచెయ్యండి. అవి పర్మిట్ కావు, కానీ ఆరేళ్ళుగా అక్కడే ఉన్నారనడానికి సాక్ష్యం. స్వనిధి లోను కాగితాలు ఇంకా గట్టివి. వీధి వ్యాపారిగా మిమ్మల్ని గుర్తించకుండా ఆ లోను రాదు. ఫోన్‌పే, గూగుల్‌పే స్టేట్‌మెంట్లు కూడా తీయించండి, వాటితో ఇంకో పని పడవచ్చు.

ఆ పని ఏమిటంటే, ఎంత చేసినా చివరికి మార్చాలనే కమిటీ నిర్ణయించవచ్చు. అప్పుడు సెక్షన్ 18 ప్రకారం 30 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి, వారం గడువు చాలదు. రెండో షెడ్యూలు ప్రకారం మార్పిడిని వీలైనంతవరకు తప్పించాలి. తప్పకపోతే కొత్తచోట ఆదాయం కనీసం ముందున్న స్థాయికి రావాలి. బైపాస్ దగ్గర ఇడ్లీ ఎవరు తింటారు? ఇప్పటి ఆదాయమెంతో ఆ స్టేట్‌మెంట్లు చూపిస్తాయి. నీళ్ళు, దీపం, నంబరు వేసిన స్థలం, ఈ వరుసలోని బండ్లన్నీ ఒకేచోటికి మార్చడం, ఈ నాలుగూ కాగితం మీద అడగండి.

ఈలోగా బండి ఎత్తుకెళ్తే గొడవపడకండి, వీడియో తియ్యండి. ఏమేం పట్టుకెళ్ళారో జాబితా రాసి, సంతకంతో నకలు మీకివ్వాలి. పిండి, చట్నీ లాంటి పాడైపోయేవి మీరు అడిగిన రోజే ఇచ్చెయ్యాలి. పొయ్యి, పెనం, బండి లాంటివి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇది సెక్షన్ 19.

ముప్పైవేలు అడిగే ఆయనకు ఒక్క రూపాయీ ఇవ్వకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. అద్దె కార్డు కూడా ముట్టుకోవద్దు. సర్టిఫికెట్‌ను అద్దెకివ్వడం, అమ్మడం చట్టం ఒప్పుకోదు. ఆ కార్డు రద్దవుతుంది, మీ అర్జీకీ మచ్చ పడుతుంది.

మీ వైపు లోపాలు కూడా సరిచేసుకోండి. ఆహార భద్రత చట్టం కింద బండివాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి. ఆన్‌లైన్‌లో చేయించుకుని ఆ కాగితం బండికి కనబడేలా అతికించండి. ఇంటి అవసరానికిచ్చే ఎర్ర సిలిండరు బండి మీద వాడుతుంటే ఈరోజే ఆపి కమర్షియల్ సిలిండరు తీసుకోండి. వెండింగ్ కేసు గెలిచి, సిలిండరు కేసులో ఇరుక్కున్నవాళ్ళను చూశాను.

కమిషనర్ జవాబివ్వకపోయినా, కాదన్నా సెక్షన్ 20 కింద ఫిర్యాదుల కమిటీకి వెళ్ళాలి. మాజీ జడ్జి గానీ మేజిస్ట్రేటు గానీ దానికి అధ్యక్షులుగా ఉండాలి. మీ ఊళ్ళో ఆ కమిటీ లేకపోతే, ఆ లేకపోవడాన్నే ఒక కారణంగా చూపి అమరావతిలో హైకోర్టుకు రిట్ వెయ్యవచ్చు. ఖర్చు గురించి వెనకాడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టే బాధ్యత న్యాయ సేవల సంస్థది. మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా సమితి దగ్గరకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. ఇన్‌స్పెక్టర్ చెప్పిన వారం గడవకముందే అర్జీ మీద ముద్ర పడాలి. ముద్ర పడిన నకలు జిరాక్సు తీయించి ఒకటి ఎప్పుడూ బండిలో ఉంచండి.