ఆ క్యాన్‌లో ఉన్నది అసలు బీరేనా తమ్ముడూ?

టోక్యోలో సూపర్‌మార్కెట్ బీరు ఏది తెచ్చుకున్నా పల్చటి చారులా ఉంది, హైదరాబాద్‌లో తాగిన కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ రుచి రావట్లేదు అన్నావు కదా. ధర తక్కువని తీసుకున్నావంటే, అది బహుశా హప్పోషు అయ్యుంటుంది. చూడ్డానికి అచ్చం బీరు క్యాన్‌లాగే ఉంటుంది కానీ అందులో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ) తక్కువ, పన్ను తక్కువ పడాలనే అలా చేయడం మొదలుపెట్టారు. 2018 నుంచి అక్కడి చట్టం ప్రకారం బీరు అనాలంటే మాల్ట్ కనీసం 50 శాతం ఉండాలి. ఈసారి క్యాన్ తిప్పి చిన్న అక్షరాలు చూడు. జపనీస్‌లో 'బీరు' అన్న మాట మూడు గుర్తులు, మధ్యది ఉత్త అడ్డగీత. అది కనిపిస్తేనే బుట్టలో వెయ్యి.

ఇక ఘాటు సంగతి. మన స్ట్రాంగ్ 8 శాతం దాకా ఉంటుంది, అక్కడి మామూలు బీర్లు 5 దగ్గరే. ఆ కిక్కు కోసం వాటిలో వెతక్కు, దొరకదు. రుచి కావాలంటే మాత్రం కిరిన్ ఇచిబాన్ షిబోరి తీసుకో. పూర్తిగా మాల్ట్‌తోనే చేస్తారు, గింజ కమ్మదనం నాలుక మీద నిలుస్తుంది. ఇంకాస్త చిక్కగా కావాలంటే యెబిసు. 1987లో వచ్చిన అసాహి సూపర్ డ్రైలో బియ్యం, మొక్కజొన్న కూడా పడతాయి, గుటక దిగగానే నోరు శుభ్రంగా ఆరిపోతుంది. చికెన్ 65 పక్కన నాకు అదే ఇష్టం.

ఒక్క మాట, క్యాన్‌తో తాగకు. గ్లాసులో పోసి, రెండు వేళ్ల మందాన నురగ నిలవనివ్వు. వాసన అప్పుడే తెలుస్తుంది.