పందిరి లైట్లు చివర్లో ఎర్రబడుతున్నాయా?

కావలి నుంచి ఒక పాఠకుడు: మా వీధి వినాయకుడి పందిరి కోసం 5 మీటర్ల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో లైటు రంగు విడిగా మార్చుకోగల ఎల్ఈడీ పట్టీ) తెచ్చా. మీటరుకి 60 లైట్లు. దాన్ని నడిపే ఆర్డ్యునో ఊనో బోర్డులోని 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇచ్చా. నాలుగైదు లైట్లయితే బాగానే వెలుగుతాయి. మొత్తం తెలుపు పెడితే చివర ఎర్రగా అయిపోయి బోర్డు రీసెట్ అవుతోంది. కోడ్ ఎన్నిసార్లు మార్చినా అంతే. ఏం చేయాలి సార్?

కోడ్‌ని వదిలేయండి, దాని తప్పేం లేదు. ఒక్కో లైటు పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీఆంపులు లాగుతుంది, మీకున్నవి 300, అంటే లెక్క ప్రకారం 18 ఆంపులు. ఊనోలో యూఎస్‌బీ దగ్గరున్న ఫ్యూజే 500 మిల్లీఆంపులది, ఇక రీసెట్ కాక ఏమవుతుంది? ఎరుపు సంగతీ ఇదే. స్ట్రిప్‌లోని సన్నటి రాగి మీద వోల్టేజీ తగ్గుతూ పోతుంది, నీలం, పచ్చ వెలగడానికి 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి 2 చాలు, అందుకే చివరిదాకా మిగిలేది అదొక్కటే.

5 వోల్టుల, 10 ఆంపుల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 5 వోల్టులకి తగ్గించే పవర్ సప్లై) ఒకటి తీసుకోండి. దాన్నుంచి మందపాటి వైర్లతో స్ట్రిప్ మొదట్లో, మధ్యలో, చివర పవర్ ఇవ్వండి. లైట్లకి రంగులు చెప్పే డేటా వైరు మాత్రం స్ట్రిప్ మీది బాణం గుర్తు మొదలయ్యే వైపు నుంచే, 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి. ఎస్‌ఎంపీఎస్ మైనస్‌ని ఊనో గ్రౌండ్‌కి కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే, కలపకపోతే లైట్లు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. యూఎస్‌బీ పెట్టి ఉండగా ప్లస్‌ని మాత్రం బోర్డుకి కలపొద్దు. స్ట్రిప్ ఆ 18 ఆంపులూ లాగకుండా, ఇలాంటి లైట్ల కోసం ఉన్న ఫాస్ట్‌ఎల్ఈడీ కోడ్ లైబ్రరీలో గరిష్ఠ పవర్‌కి హద్దు పెట్టే ఫంక్షన్ ఉంది, అందులో 6000 మిల్లీఆంపులు ఇవ్వండి. వెలుగు తగ్గుతుందని బెంగ వద్దు, రాత్రిపూట ఫుల్ తెలుపు పెడితే దేవుణ్ని చూడ్డానికొచ్చిన వాళ్లు కళ్లు మూసుకుంటారు.

అన్నట్టు, ఎస్‌ఎంపీఎస్‌లో ఇంటి కరెంటు వైర్లు బిగించే స్క్రూల మీద 230 వోల్టులుంటాయి. పందిట్లో పిల్లలు తిరుగుతుంటారు, చవితి రోజుల్లో వాన ఎప్పుడొస్తుందో తెలీదు, కాబట్టి తడి తగలని డబ్బాలో, చేతికందని ఎత్తులో బిగించండి. ఎర్తింగ్ తప్పనిసరి.

ఒంగోలు నుంచి ఇంకొకరు: ఇదే స్ట్రిప్‌ని వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుతో ఫోన్ నుంచి నడపొచ్చా?

నడపొచ్చు, డబ్ల్యూఎల్‌ఈడీ అనే రెడీమేడ్ ప్రోగ్రాం ఎక్కిస్తే కోడ్ రాసే పనే లేదు. కాకపోతే ఆ బోర్డు డేటా 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే స్ట్రిప్ అడిగేది 3.5. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మొరాయిస్తుంటే మధ్యలో ఆ 3.3ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెట్టండి.