నోటికొచ్చిన కథ కాగితం మీదికి రాదేం?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. రాత్రిళ్లు తమ్ముడికి పావుగంట కథ చెబుతుంది. అదే రాయమంటే నాలుగు లైన్లు రాసి పెన్సిల్ పక్కన పెట్టేస్తుంది. ఆ నాలుగింట్లోనూ అన్నీ ‘తర్వాత’లే. ఏం చేయాలి?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాపకు కథ వచ్చండీ, చేతికే ఇంకా వేగం రాలేదు. ఎనిమిదేళ్లకు ఒత్తులు, దీర్ఘాలు ఆలోచించకుండా పడవు. ధ్యాసంతా వాటి మీదే ఉంటే, అనుకున్న వాక్యం రాసేలోపే మరిచిపోతుంది. అందుకే ముందు నోటితో చెప్పించండి. చదివేది ఇంగ్లిష్ మీడియమైనా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పనివ్వండి. తర్వాత ఏ4 కాగితాన్ని మూడు గడులు వచ్చేలా మడిచి బొమ్మలు గీయించండి: మొదటి గడిలో ఎవరు, ఎక్కడ; మధ్య గడిలో ఏం చిక్కొచ్చింది; చివరి గడిలో ఎలా తీరింది. రంగులు వద్దు, వాటితోనే గంట గడిచిపోతుంది. రాయడం మాత్రం మధ్య గడితో మొదలుపెట్టించండి. మొదటి గడితో మొదలుపెడితే పేర్లు, ఊరు రాసేసరికే ఓపిక అయిపోతుంది.

ఇక ‘తర్వాత’ల సంగతి. ‘నుమాయిష్‌లో తమ్ముడు తప్పిపోయాడు. తర్వాత దొరికాడు’ అని రాసిందనుకోండి. కథంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది. ‘ఇంకా రాయి’ అంటే పిల్లలు చివర్లో మరో సంఘటన తగిలిస్తారు, అంతే. దానికి బదులు అడగండి: చెయ్యి ఎక్కడ వదిలాడు? అప్పుడు ఏం వినబడుతోంది? ముందు ఎవరిని అడిగావు? ‘గాజుల దుకాణం కాడ చెయ్యి వదిలిండు. మైకులో ఎవరి పేరో పిలుస్తున్నరు, మా తమ్మునిది కాదు’ అని చెప్పిందా, అదే రాయమనండి. ‘వదిలిండు’ను ‘వదిలాడు’గా దిద్దకండి. ఆ మాట తనది.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. రాసిన ప్రతి లైనులో తప్పులే. దిద్దకపోతే అవే అలవాటైపోవా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: దిద్దాలి, కానీ రాసిన రోజే వద్దు. ఎర్ర పెన్ను వెంటనే దిగితే పిల్లలు తప్పుపోని మాటలే ఏరుకుంటారు. ‘గుర్రం’ రాయడానికి జంకి కథలోకి ఆవును తెస్తారు. మర్నాడు బాబు చేతే పైకి చదివించండి. వదిలేసిన మాటలు చాలావరకు తనే పట్టుకుంటాడు. ఆ పైన ఒక్క రకం తప్పే చూడండి, ఈ వారం ఒత్తులైతే ఒత్తులే. కథంతా మళ్లీ ఫెయిర్ చేయించొద్దు, తప్పున్న వాక్యం ఒక్కటి తిరగరాస్తే చాలు.