సంతకం పెట్టేముందు నాకు చూపించు

కోడలు పిల్లా,

జర్మనీలోని డ్రెస్డెన్‌లో నీకు ఎమ్మెస్ సీటొచ్చిందని అన్నయ్య చెప్పిన దగ్గర్నుంచీ ఒకవైపు సంతోషం, మరోవైపు నీ ఉబ్బసం గురించి బెంగ. చదువు సంగతి నీకు నేను చెప్పేదేమీ లేదు. ఈ ఉత్తరమంతా వైద్యం గురించే.

సెమిస్టరు అక్టోబరు 1న మొదలవుతుంది. అంతకుముందే దిగితే ఆ మధ్య రోజులకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో. మూడు నెలలకి సరిపడా ఇన్‌హేలర్లు, మందుల జెనరిక్ పేర్లతో డాక్టరు చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకో.

ఇక అసలు సంగతి. యూనివర్సిటీలో చేరాలంటే ముందు ఆరోగ్య బీమా ఉండాలి. చట్టబద్ధమైన బీమా నడిపే సంస్థల్ని అక్కడ క్రాంకెన్‌కాసె అంటారు, పొట్టిగా కాసె. 1883లో అప్పటి జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ కార్మికుల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఇవాళ ఆ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అందులోనే ఉన్నారు. నీ వయసు విద్యార్థులకి నెలకి 140 యూరోల పైచిలుకు పడుతుంది. 30 నిండే సెమిస్టరు చివరిదాకా ఆ రేటు ఉంటుంది. ఆ 140 చూడగానే మనపిల్లలకి కళ్ళు తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక సీనియరు ముప్పై నలభై యూరోల ప్రైవేటు పాలసీ ఉందంటాడు. "ఏదో ఒక కాసెకి రాసి మినహాయింపు తీసుకో, యూనివర్సిటీకి అది చాలు" అని కూడా చెబుతాడు.

కాసెలో చేరనక్కర్లేదనే ఆ మినహాయింపు పేరు బెఫ్రైయుంగ్. ఏళ్ళ తరబడి మనవాళ్ళు చేస్తున్న పొరపాటు ఇదే. చేరిన మూడు నెలల్లోపు అడిగితే ఇస్తారు, ఇచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. చదువు అయ్యేదాకా కాసె తలుపు మూసుకున్నట్టే. జబ్బుచేసి ఏడ్చినా, పూర్తి డబ్బు కడతానన్నా తియ్యరు. పార్ట్‌టైం ఉద్యోగం దొరికితే మారొచ్చులే అనుకుంటారు. వారానికి 20 గంటల్లోపు పనిచేసే విద్యార్థిని చట్టం విద్యార్థిగానే చూస్తుంది కాబట్టి అదీ కుదరదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలల దాకా అనుమతి ఇస్తారు. అప్పుడైనా సొంతంగా కాసెలో చేరదామంటే, అంతకుముందు వరసగా పన్నెండు నెలలో, గడిచిన అయిదేళ్ళలో 24 నెలలో అందులో ఉండి ఉండాలంటారు. మినహాయింపు తీసుకున్నవాళ్ళకి ఆ లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? పూర్తిస్థాయి ఉద్యోగం దొరికేదాకా ఆ పాలసీతోనే నెట్టుకురావాలి.

నీ విషయంలో ఇంకో చిక్కు. ఆ చవక పాలసీల షరతుల్లో, ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తించదని ఒక వాక్యం ఉంటుంది. ఉబ్బసానికి వర్తించని బీమా నీకెందుకే? కాసె మాత్రం పాత జబ్బుందని నిన్ను కాదనకూడదు, ఎక్కువ వసూలు చెయ్యకూడదు. మందు ధరలో పదోవంతు నువ్వు కడతావు, అది 5 యూరోలకి తగ్గదు, 10కి మించదు. ఆసుపత్రిలో చేరితే రోజుకి 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజులే లెక్క. నెలకి వంద యూరోలు మిగుల్చుకోవాలంటే వేరే చోట మిగుల్చుకో. నాన్నని అడగడానికి మొహమాటమైతే నన్నడుగు, నేను పంపిస్తాను.

(జ్యూరిక్ వెళ్ళే నీ స్నేహితురాలికి ఈ లెక్కలు చెప్పకు. స్విట్జర్లాండులో ఏడాదికి 300 నుంచి 2500 ఫ్రాంకుల దాకా ముందు తామే భరించాలి, ఆ మొత్తాన్ని ఎవరికి వారే ఎంచుకుంటారు.)

బీమా కార్డు చేతికి రాగానే, ఒంట్లో బాగున్నప్పుడే ఇంటి దగ్గర్లో ఒక హౌస్‌ఆర్ట్స్ట్‌ని, అంటే మన ఫ్యామిలీ డాక్టరులాంటి వాళ్ళని చూసుకో. కొత్తవాళ్ళని తీసుకోం అంటారు, పది చోట్ల అడుగు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ఊబర్‌వైజుంగ్ చీటీ, అంటే మన రిఫరల్ చీటీ, రాయించుకునేటప్పుడు, దానిమీద అత్యవసర కోడ్ కూడా వెయ్యమని అడుగు. ఆ కోడ్‌తో డాక్టరు అపాయింట్‌మెంట్లు చూసే 116117 నంబరుకి ఫోన్ చేస్తే నాలుగు వారాల్లోపు అపాయింట్‌మెంట్ ఇప్పిస్తారు. ఫలానా డాక్టరే కావాలని పట్టుబట్టకు, ఇచ్చిన చోటికి వెళ్ళు. రాత్రిపూట జ్వరంలాంటివాటికీ అదే నంబరు.

ఊపిరాడకపోతే మాత్రం అంబులెన్సు నంబరు 112. ఇన్‌హేలరు కొట్టినా తగ్గక, ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నావంటే క్షణం ఆగకు. అర్ధరాత్రి పక్కగదివాళ్ళని లేపడమెలాగని ఊరుకునే పిల్లవి నువ్వు, ఆ గుణమే నాకు భయం. నిజంగా అవసరపడిన అంబులెన్సుకి కాసె సభ్యులు కట్టేది 10 యూరోలు దాటదు.

చిన్నప్పుడు భోగిమంట పొగకి నీకు ఆయాసమొచ్చి, తెల్లారేదాకా నా ఒళ్ళోనే కూర్చుని నిద్రపోయావు. అక్కడ డిసెంబరు 31 అర్ధరాత్రి ఊరంతా టపాసులే, ఆ పొగ వీధుల్లో చాలాసేపు నిలిచిపోతుంది. ఆ రాత్రి కిటికీ వేసుకుని లోపలే ఉండు. మిగతా చలికాలమంతా రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి అయిదు పది నిమిషాలుంచు. లేకపోతే గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది, నీకది పడదు.

బీమా కాగితం ఏది వచ్చినా సంతకం పెట్టేముందు ఫోటో తీసి నాకు పంపు. అక్కడ పొద్దున్నైనా ఇక్కడ రాత్రైనా చూస్తాను.

మీ అత్తయ్య