డెంగీ కేసు వస్తే ఆరోగ్య శాఖవాళ్లు మా ఇంట్లో డ్రమ్ములెందుకు చూస్తారు?

పక్క వీధిలో డెంగీ వస్తే ఫాగింగ్ చేయించకుండా ఆశా, ఏఎన్ఎం వచ్చి మన తొట్టెల్లోకి తొంగి చూడటమేంటని అడిగారు. అసలు పని అదే. పొగకు చచ్చేది ఎగిరే దోమలే, నీళ్లలోని లార్వాకు, అంటే దోమ పిల్ల పురుగులకు, ఏమీ కాదు. పైగా డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది మురుగులో కాదు, మనం పట్టి ఉంచుకున్న మంచినీళ్లలో. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. 'ఫ్రైడే డ్రైడే' అని వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు పెట్టింది అందుకే.

నీళ్లు పారబోస్తే సరిపోదండీ. గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్దాలి. పారబోయలేని తొట్టెల్లో లార్వాను చంపే టెమిఫాస్ మందు వేస్తారు, వాడని బావుల్లో లార్వాను తినే గంబూసియా చేపలు వదులుతారు.

ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడిగితే మాత్రం దాచకండి. ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే కూడా చూసుకోండి, అది ఎవరికీ గుర్తుండదు.