కర్నూలు ఎండల్లో వాడటానికి 0.2 ఎయిర్‌బ్రష్ కొనాలా, 0.3 చాలా?

బొమ్మలకు, స్కేల్ మోడళ్లకు రంగులేసేవాళ్లకు మొదటి ఎయిర్‌బ్రష్‌గా (గాలితో రంగు చిమ్మే పరికరం) 0.3 మిల్లీమీటర్ల నాజిల్, అంటే రంగు బయటికొచ్చే మూతి, చాలు, 0.2 కొన్నంత మాత్రాన గీత సన్నగా రాదు.

డ్యుయల్ యాక్షన్ బ్రష్‌లో ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. ఎంత కొంచెం లాగితే నాజిల్ లోపలుండే సూది అంత కొంచెం కదిలి, రంగు అంత తక్కువగా బయటికొస్తుంది. దానికి తోడు బ్రష్ ఎంత దగ్గరగా పట్టుకున్నారు, గాలి ఒత్తిడి ఎంత, రంగు ఎంత పల్చన అన్నవి గీతను తేలుస్తాయి. కర్నూలు మే నెల పొడి ఎండకి అక్రిలిక్ రంగు సూది మొన మీదే ఆరిపోతుంది. 0.2 రంధ్రం ఇంకా త్వరగా మూసుకుపోతుంది, అసలు చిరాకు అక్కడే. రంగులో రెండు చుక్కల రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా చేసే ద్రవం) కలిపి, మధ్యమధ్యలో తడి కుంచెతో మొన తుడుస్తుంటే నయం.

ఉదాహరణకు, మట్టి వినాయకుడికి కనుబొమ్మ గీయాలంటే రంగును పాలంత పల్చన చేసి, గాలి ఒత్తిడి 12 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) దగ్గర పెట్టి, సెంటీమీటరు దూరం నుంచి గీస్తే 0.3తోనే సన్నగా వస్తుంది.

చాలామంది 0.3 అంటే గీత మందం అనుకుంటారు. అది నాజిల్ రంధ్రం కొలత మాత్రమే. రెండోది కొనాలనిపిస్తే ప్రైమర్‌కు (రంగు పట్టడానికి ముందు వేసే పూత), బేస్ కోట్‌కు (మొదటి రంగు పూత) 0.5 ఎక్కువ పనికొస్తుంది. నాజిల్ ఒక్కటే మారిస్తే కుదరదు, దానికి సరిపోయే సూది కూడా మార్చాలి.