రంపపు దుమ్ము ఇల్లంతా పరుచుకోకుండా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో ఇష్టంకొద్దీ చెక్కపని చేసుకునేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దుమ్ము గురించే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: నమస్కారమండీ. రిటైరయ్యాక మేడమీద రేకుల షెడ్డు వేసుకుని చిన్న బల్లలు, పూజా మందిరాలు చేసుకుంటున్నాను. టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం), చిన్న ప్లేనర్ (చిత్రిక పట్టే మెషీను), చేత్తో పట్టుకునే సాండర్ (గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేది) ఉన్నాయి. గది 10 అడుగులకి 12 అడుగులు. సాండర్ వాడిన రోజు కింద వంటింట్లో గిన్నెల మీద కూడా పొడి పేరుకుంటోందని మా ఆవిడ కోప్పడుతోంది. నాకూ రాత్రిళ్లు పొడిదగ్గు వస్తోంది. రెడీమేడ్ డస్ట్ కలెక్టర్ ధర అడిగితే మాట రాలేదు. పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి ఉంది, దానికి గొట్టం తగిలించి డ్రమ్ములోకి వదిలితే సరిపోతుందా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: సరిపోదండీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎదురుగా అడ్డేమీ లేనప్పుడే గాలిని తోస్తుంది, దానికి పది అడుగుల గొట్టం, రెండు బెండులు, చివర ఒక సంచీ తగిలించారంటే రెక్కలు తిరుగుతూనే ఉంటాయి గానీ గాలి మాత్రం కదలదు. ఈ లాగే బలాన్ని ఎన్ని అంగుళాల నీటిని పైకి ఎత్తగలదు అనే లెక్కలో చెబుతారు. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి అర అంగుళం కూడా కష్టం. డస్ట్ కలెక్టర్లలో వాడే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ (రెక్కల చక్రం గిర్రున తిరిగి గాలిని అంచుకి విసిరే ఫ్యాన్) ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దాకా లాగుతుంది. వర్క్‌షాపు వ్యాక్యూమ్ క్లీనర్ డెబ్భై ఎనభై లాగుతుంది, కానీ అది సన్నటి గొట్టంలోంచి కొంచెం గాలినే లాగగలదు. మీకున్న మూడు మెషీన్లలో సాండర్‌కి వ్యాక్యూమ్ చాలు, టేబుల్ సాకి, ప్లేనర్‌కి బ్లోయర్ కావాలి.

ముందు దగ్గు సంగతి. ఊపిరితిత్తుల డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, చెక్కపని చేస్తానని, ఏ చెక్క కోస్తారో కూడా చెప్పండి. టేకు దుమ్ము కొందరికి ఒంటి మీద దురద, దద్దుర్లు తెప్పిస్తుంది, ప్లైవుడ్‌లో, ఎండీఎఫ్‌లో (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక) ఉండే జిగురు ఎక్కువగా ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చేసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ప్రధానంగా ముక్కు లోపలి భాగాలకి వచ్చే క్యాన్సర్. అది ఏళ్ల తరబడి రోజంతా ఆ దుమ్ములో పనిచేసినవాళ్లలో బయటపడ్డది, వారానికి రెండు రోజులు పనిచేసే మీరు భయపడిపోనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇవాళ రాత్రే ఒక పని చేసి చూడండి. సాండర్‌తో ఒక చెక్కని కాసేపు రుద్ది, ఆపేసి, షెడ్డులో లైట్లన్నీ తీసేసి సెల్‌ఫోన్ టార్చ్‌ని అడ్డంగా పట్టుకోండి. ఆ వెలుగు దారిలో సన్నటి పొగలాంటిది నెమ్మదిగా తిరుగుతూ కనిపిస్తుంది. అరగంట ఆగి మళ్లీ చూడండి, ఇంకా ఉంటుంది. రంపం కింద కుప్పపడే పొట్టుతో ప్రమాదం చాలా తక్కువ, అది చీపురుతో పోతుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది 10 మైక్రాన్ల లోపు దుమ్ము, అది గాలిలో గంటల తరబడి తేలుతుంది. మిర్చి ఘాటయితే ముక్కు ఆ క్షణమే చెప్పేస్తుంది, చెక్క దుమ్ము అలా హెచ్చరించదు, అందుకే నేల శుభ్రంగా ఉంటే చాలనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. మీరు కట్టుకునే ఏర్పాటు ఈ కనిపించని దుమ్ము కోసం కట్టుకోవాలి, పొట్టు దాంతోపాటు ఎలాగూ పోతుంది.

ఇక కట్టడం. వరస ఇలా పెట్టుకోండి: మెషీను, అక్కణ్ణుంచి పైపు, తర్వాత పొట్టు పడే డ్రమ్ము, తర్వాత బ్లోయర్, చివరికి బయటికి పోయే పైపు. బ్లోయర్ డ్రమ్ము తర్వాతే ఉండాలి, ముందు పెడితే చెక్కముక్కలన్నీ దాని రెక్కలకి తగులుతాయి. 1 హెచ్‌పీ మోటారు, 2,800 చిల్లర ఆర్‌పీఎం ఉన్న సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ తీసుకోండి. నోరు 110 మిల్లీమీటర్లకి తక్కువ ఉండకూడదు. ఆటోనగర్‌లో రేకుపని చేసేవాళ్లకి కొలతలిస్తే పైపుకి, బ్లోయర్‌కి మధ్య కలిపే ముక్క చేసిపెడతారు. లోపలి రెక్కల చక్రాన్ని మాత్రం ప్లైవుడ్‌తో సొంతంగా చేయొద్దు, ఆ వేగంలో బ్యాలెన్స్ కొంచెం తప్పినా విరిగి మనిషి మీదికి వస్తుంది. కరెంటుకి విడిగా 16 ఆంపియర్ల లైను, దానికో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) వేయించండి, మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది.

పైపుకి డ్రైనేజీకి వాడే 110 పీవీసీ పైపు చక్కగా పనికొస్తుంది. పొట్టు మధ్యలో ఎక్కడా పడిపోకుండా సాగాలంటే గాలి సెకనుకి 20 మీటర్ల వేగంతో పోవాలి, 110 పైపులో ఆ వేగానికి నిమిషానికి దాదాపు 350 ఘనపుటడుగుల గాలి కావాలి, మీ 1 హెచ్‌పీ బ్లోయర్ పైపు పొట్టిగా ఉంటేనే అది ఇవ్వగలదు. కాబట్టి పది అడుగులు దాటొద్దు. 90 డిగ్రీల బెండు ఒక్కటి పెట్టే చోట రెండు 45 డిగ్రీల బెండులు వేసి మలుపుని సాగదీయండి, టీ ఆకారపు జాయింటు బదులు వై ఆకారపుది పెట్టండి. ముడతల గొట్టం మెషీను దగ్గర రెండడుగులకి మించి వాడకండి, ఆ ముడతలే గాలి బలాన్ని తినేస్తాయి. మూడు మెషీన్లకీ శాశ్వతంగా పైపులు పరిచి గేట్లు పెట్టడం కంటే ఒక్క పైపునే ఏది వాడితే దానికి తగిలించుకోవడం మీలాంటి గదికి మేలు.

టేబుల్ సా కింద అంతా తెరిచి ఉంటుంది కదా, ఆ అడుగుని ప్లైతో మూసేసి 110 కన్నం పెట్టండి. మొత్తం బిగించేయకుండా గాలి లోపలికి రావడానికి కాస్త సందు ఉంచండి. బ్లేడు పైభాగం విసిరే దుమ్ము సూటిగా మన మొహం మీదికే వస్తుంది, దానికి బ్లేడు పైన చిన్న గూడులాంటిది పెట్టి వ్యాక్యూమ్ గొట్టం కలపాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది చివరి పైపు గురించి. చలిదేశాల వాళ్లు రాసే ప్లాన్లలో సగం ఖర్చు, సగం తలనొప్పి ఫిల్టరుదే, ఎందుకంటే హీటరుతో వెచ్చబెట్టుకున్న గాలిని బయటికి వదల్లేక దాన్నే వడగట్టి మళ్లీ గదిలోకి పంపుకుంటారు. బెజవాడలో మనకి ఆ బాధ ఏముంది? బ్లోయర్ గాలి వదిలే నోటిని గోడలోంచి బయటికి పెట్టేయండి. మీ గది ఎత్తు పదడుగులనుకుంటే లోపల 1,200 ఘనపుటడుగుల గాలి, నాలుగు నిమిషాలు తిరక్కముందే అంత గాలీ బయటికి పోయి కొత్తది వస్తుంది. అవతలి వైపు కిటికీ తెరిచి ఉంచండి, గాలి రావడానికి దారి లేకపోతే లాగడానికీ ఏమీ ఉండదు. బజారులో దొరికే గుడ్డసంచీ కలెక్టర్లలో చాలావాటి సంచీలు 30 మైక్రాన్ల దాకానే పడతాయి, అంటే పొట్టుని పట్టుకుని అసలు ప్రమాదమైన దుమ్ముని గదంతా చల్లుతాయి. అలాంటిది కొనడంకంటే బయటికి తోసేయడం వెయ్యిరెట్లు నయం. గదికి ఏసీ ఉంటేనే ఫిల్టరు సంగతి ఆలోచించాలి.

అయితే ఇరుగుపొరుగుని చూసుకోండి. పక్కింటివాళ్లు మేడమీద వడియాలు పెట్టుకునే వైపు, బట్టలు ఆరేసే వైపు పైపు తిప్పకండి. రేకుల కంటే ఎత్తుగా లేపి, వాన పడకుండా మూతి కిందికి వంచండి. మెట్ల వైపు తలుపు మూసుకుని పని చేయండి, వంటింటి గొడవ చాలావరకు అక్కడే తీరుతుంది.

మీ పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వృథా పోదు. గొట్టం లేకుండా ఒక కిటికీలో బయటికి తోసేలా బిగించి, సాండింగ్ చేసేటప్పుడూ, ఆపాక ఒక గంటా తిరగనివ్వండి. ఆ టైములో సీలింగ్ ఫ్యాన్ వద్దు, మే నెలలో కష్టమే గానీ అది కిందికి దిగిన దుమ్ముని మళ్లీ లేపుతుంది. ఇవన్నీ కట్టేలోపు రేపటి నుంచే ఎన్95 గానీ ఎఫ్ఎఫ్‌పీ2 గానీ మాస్కు పెట్టుకోండి. చేతి రుమాలు ఈ దుమ్ముని ఆపదు. గడ్డం పెంచితే ఎంత మంచి మాస్కయినా అంచుల్లోంచి లీకవుతుంది. మెషీను ఆపగానే మాస్కు తీసేయడం చాలామందికి అలవాటు, గాలి తేటపడేదాకా ఉంచుకోండి.

ప్రశ్న: సార్, సాండర్ కోసం వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్ కొన్నాను. కాసేపటికే ఫిల్టరు మూసుకుపోయి లాగడం మానేస్తోంది. మధ్యలో బకెట్ పెడితే దుమ్మంతా అందులోనే పడుతుందని విన్నాను. ఎలా చేయాలి?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీ జిల్లాలో రైస్ మిల్లుల పైన గరాటాలా కిందికి సన్నబడే రేకు డబ్బా చూసే ఉంటారు, దాన్నే సైక్లోన్ అంటారు. గాలి పక్కనుంచి ఒరుసుకుంటూ లోపలికి వచ్చి గిర్రున తిరుగుతుంది, బరువున్నది గోడకి కొట్టుకుని కిందికి జారుతుంది, గాలి మధ్యలోంచి పైకి పోతుంది. వ్యాక్యూమ్‌కి సరిపడే చిన్న ప్లాస్టిక్ సైక్లోన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొని బకెట్ మూత మీద బిగించుకోవచ్చు.

సొంతంగా చేసుకోవాలంటే గరాటా కంటే థీన్ బాఫిల్ (బకెట్ లోపల వేలాడే అడ్డుబిళ్ల) తేలిక. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ తీసుకోండి. మూతకి రెండు కన్నాలు, గాలి బయటికి పోయేది నట్టనడుమ, లోపలికి వచ్చేది అంచు దగ్గర. లోపలికి వచ్చే దానికి మూత కింద ఒక బెండు తగిలించి దాని మూతి బకెట్ గోడ వెంట తిరిగేలా పెట్టాలి. ఆ బెండుకి కొంచెం దిగువన ఆరు మిల్లీమీటర్ల ప్లైతో గుండ్రటి బిళ్లని మూతకి పొడుగు బోల్టులతో వేలాడదీయండి. ఆ బిళ్ల అంచుని చుట్టూ 240 డిగ్రీల మేర సుమారు 28 మిల్లీమీటర్లు లోపలికి కోసేయాలి, మిగిలిన 120 డిగ్రీలు బకెట్ గోడకి ఆనుకోవాలి, బెండులోంచి వచ్చే గాలి ముందుగా ఆ కోయని భాగం మీద పడాలి. పొట్టు ఆ సందులోంచి కిందికి జారుతుంది, బిళ్ల అడ్డుగా ఉంటుంది కాబట్టి పడ్డది మళ్లీ పైకి లేవదు. బిళ్లకి ఆరంగుళాల కిందికి పొట్టు రాకముందే ఖాళీ చేయండి, నిండితే అన్నీ వ్యాక్యూమ్‌లోకే పోతాయి.

మూత చుట్టూ తలుపులకి అంటించే ఫోమ్ టేపు వేయండి. గాలి ఏ కొంచెం లీకయినా ఈ బకెట్ ఏర్పాటు పనిచేయదు, దుమ్ము పైకి లేచిపోతుంది. గొట్టం ఎక్కడైనా మూసుకుపోతే వ్యాక్యూమ్ బలం మొత్తం బకెట్ మీద పడుతుంది: 30 సెంటీమీటర్ల వెడల్పున్న మూత మీద ఆ ఒత్తిడి దగ్గరదగ్గర 140 కిలోల బరువుకి సమానం. పల్చటి బకెట్ టప్పున లోపలికి నలిగిపోతుంది. అందుకని మూత లోపల 12 మిల్లీమీటర్ల ప్లై గుండ్రంగా కోసి బిగించండి, దళసరి బకెట్ చూసుకోండి. ఇంత చేసినా అతి సన్నటి దుమ్ము కొంత దాటిపోతుంది కాబట్టి వ్యాక్యూమ్‌కి హెపా ఫిల్టరు (అతి సన్నటి దుమ్ముని పట్టే రకం) వేయండి, ఇప్పుడది తొందరగా మూసుకుపోదు. సాండర్ అడుగు కన్నాలూ, పేపరు కన్నాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా వచ్చాయో లేదో ప్రతిసారీ చూడండి, అవి తప్పితే వ్యాక్యూమ్ ఎంత లాగినా దుమ్ము పైకే లేస్తుంది.

ప్రశ్న: పీవీసీ పైపులో స్టాటిక్ కరెంటు పుట్టి దుమ్ము పేలిపోతుందని ఒకాయన భయపెట్టాడు. నిజమా?
(పటమట, విజయవాడ)

జవాబు: స్టాటిక్ పుడుతుంది, పైపు ముట్టుకుంటే చుర్రుమంటుంది. ఫ్యాక్టరీల్లో, గాలిలో దుమ్ము దట్టంగా నిండిన చోట పేలుళ్లు జరిగిన మాట నిజమే, ఇంటి షెడ్డులో ఇలాంటి చిన్న పైపులో అంత దట్టంగా దుమ్ము ఉండదు. షాకు ఇబ్బందిగా ఉంటే రాగితీగ చుట్టి ఎర్త్ చేసుకోండి. మీరు భయపడాల్సింది నిప్పుకి. ఉలులు పదునుపెట్టే గ్రైండర్‌ని ఈ పైపుకి ఎప్పుడూ తగిలించకండి, ఒక్క నిప్పురవ్వ పొట్టులో పడితే లోపల్లోపలే గంటలపాటు రాజుకుని అర్ధరాత్రి మంటవుతుంది. మేకులున్న పాత చెక్క కోసినా అంతే జాగ్రత్త. పని అయ్యాక డ్రమ్ము ఖాళీ చేసి పొట్టుని ఆరుబయట పెట్టండి.

ప్రశ్న: డ్రమ్ములో పడ్డ పొట్టుని ఏం చేయొచ్చు?
(కొత్తపేట, గుంటూరు)

జవాబు: ఉత్త చెక్కదయితే కంపోస్టులో కొద్దికొద్దిగా పచ్చి ఆకులతో, పేడతో కలిపి వేయండి. ఊరికే మొక్కల మొదట్లో పోస్తే కుళ్లేటప్పుడు మట్టిలో నత్రజనిని లాగేస్తుంది, ఆకులు పసుపు రంగుకి తిరిగిపోతాయి. కొండపల్లి బొమ్మల పనివాళ్లు పొట్టులో చింతగింజల పొడి కలిపిన మక్కుతో బొమ్మల చేతులూ కాళ్లూ అతికిస్తారు, మీరు కూడా సన్నటి పొట్టుని జిగురుతో కలిపి అతుకుల సందులు పూడ్చుకోవచ్చు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పాలిష్ వేసిన చెక్క పొట్టయితే మొక్కలకి వద్దు, పొయ్యిలోకి వద్దు, గొడ్ల కిందా పరచొద్దు. సంచీలో మూతి కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. డ్రమ్ము వంచేటప్పుడు కూడా మాస్కు ఉండాలి, ముందు కాసిని నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు.